బ్రెగ్జిట్: వలసలు తక్కువున్న ఊళ్లోనే కోపం ఎక్కువెందుకు?

గోదారిగట్టు:
యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా, బయటికి పోవాలా (అదే బ్రెగ్జిట్) అని బ్రిటన్ 2016 జూన్ 23న జనాన్ని ఓటడిగింది. ఆ రెఫరెండంలో లండన్‌లోని లాంబెత్ ప్రాంతం 78.6 శాతంతో యూనియన్‌లోనే ఉందామంది. అక్కడ విదేశాల్లో పుట్టినవాళ్లు బోలెడు. అలాంటివాళ్లు అంతకన్నా తక్కువున్న ఇంగ్లండ్ లింకన్‌షైర్‌లోని బోస్టన్ మాత్రం 75.6 శాతంతో బయటికి పోదామంది. కోపమంతా వలసల మీదే అయితే లెక్క తిరగబడాలి కదా? పోనీ బయటికొచ్చిన వెంటనే వలసలు తగ్గాయా అంటే అదీ లేదు, పెరిగాయి!

లెక్కలపంతులు:
మీరు సంఖ్య చూస్తున్నారు, చూడాల్సింది వేగం. లాంబెత్‌లోని బ్రిక్స్‌టన్‌కి కరీబియన్ వలస 1948 నాటిది. బోస్టన్‌లో 2001 దాకా విదేశీయులు బహు తక్కువ, 2011 జనాభా లెక్కలకి 15 శాతం దాకా వచ్చారు. క్యాబేజీ పొలాల్లో, కూరగాయల ప్యాకింగ్ షెడ్లలో పనికి వచ్చిన పోలండ్, లిథువేనియా, లాత్వియా వాళ్లే ఎక్కువ.

దీని మూలం 2004లో ఉంది. ఆ మే 1న యూనియన్‌లో చేరిన తూర్పు యూరప్ దేశాలవాళ్లకి వెంటనే ఉద్యోగాలు తెరిచినవి బ్రిటన్, ఐర్లాండ్, స్వీడన్ మాత్రమే. జర్మనీ 2011 దాకా ఆపింది. బ్రిటన్‌కి నికరంగా (వచ్చినవాళ్లలోంచి వెళ్లిపోయినవాళ్లని తీసేస్తే) ఏటా 13 వేలకి మించరన్న అంచనా, మిగతా దేశాలూ తెరుస్తాయనుకుని వేసింది. అవి తెరవలేదు, అంచనా తప్పింది. పైగా బళ్లు, ఆసుపత్రుల మీద పడే భారానికని 2009లో పెట్టిన నిధిని 2010లోనే ఎత్తేశారు. నా దృష్టిలో అసలు తప్పు అదే.

అయితే వయసు, చదువు కూడా లెక్కలోకి వస్తాయి. లాంబెత్‌లో డిగ్రీ చదివిన కుర్రకారు ఎక్కువ.

సర్వేపిచ్చి:
పంతులుగారికి ఇంకోటి కలుపుతా. సర్వేలో ప్రశ్న ఎలా అడిగారో చూడకుండా శాతాలు నమ్మకండి. ‘వలసలు తగ్గాలా?’ అంటే చాలామంది అవునంటారు. అదే నర్సుల గురించో డాక్టర్ల గురించో విడిగా అడిగితే తగ్గించమనేవాళ్లు బాగా తగ్గిపోతారు. జనం ఊహలో వలసంటే ఫ్రాన్స్ నుంచి అనుమతి లేకుండా ఇంగ్లిష్ చానల్ సముద్రం దాటే రబ్బరు పడవ. లెక్కల్లో మాత్రం ఎక్కువమంది చదువు, ఉద్యోగ వీసాలవాళ్లు.

వీసాబాబాయ్:
బయటికొచ్చాక పెరగడానికి కారణం వీసా రూల్సే. 2021 జనవరి నుంచి ఉద్యోగ వీసాకి మామూలుగా ఉండాల్సిన కనీస వార్షిక జీతాన్ని 30,000 పౌండ్ల నుంచి 25,600కి దించారు, డిగ్రీ స్థాయి పనే ఉండాలన్న షరతు తీసేశారు. ఆ జులైలో చదువయ్యాక రెండేళ్లు ఉండే వీసా, 2022లో వృద్ధుల్ని చూసుకునే కేర్ వర్కర్లకి అవకాశం ఇచ్చారు (కేర్ వర్కర్లది 2025లో ఆపేశారు). యూరప్‌వాళ్లు తగ్గి ఇండియా, నైజీరియా వాళ్లు పెరిగారు. 2023లో నికర వలస ఏడాదికి 9 లక్షలు దాటింది.

తర్వాత బిగించారు. 2024 జనవరి నుంచి మొదలయ్యే మామూలు మాస్టర్స్ కోర్సుకి భార్యనో భర్తనో తీసుకెళ్లడానికి లేదు. ఉద్యోగ వీసాకి కనీస జీతం 2024లో 38,700 పౌండ్లు, 2025లో 41,700 అయింది. చదువు తర్వాతి వీసా 2027 జనవరి 1 నుంచి పెట్టే దరఖాస్తులకి 18 నెలలే, పీహెచ్‌డీకైతే మూడేళ్లు. ఇక్కడే మన పిల్లలు పొరబడుతున్నారు: చూసేది ఆ వీసాకి దరఖాస్తు పెట్టిన తేదీ, కోర్సులో చేరిన తేదీ కాదు.