ప్యానెల్ పరీక్షలో ఒక్క శాతం అనిశ్చితి తగ్గితే యూనిట్ విద్యుత్ వ్యయంలో ఏం మారుతుంది?

ప్రశ్న (పరిశోధక విద్యార్థి)

నేను భౌతికశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. సిలికాన్ సోలార్ ప్యానెళ్ల గరిష్ఠ సామర్థ్యాన్ని ఫ్లాష్ టెస్టర్ (సూర్యకాంతిని పోలిన వెలుగును క్షణకాలం ప్యానెల్ మీద వేసి కొలిచే యంత్రం) మీద కొలవడం నా పని. ఆ కొలతలో ఉన్న 2 శాతం అనిశ్చితిని 1 శాతానికి తీసుకురావడానికి రెండేళ్లుగా ప్రయత్నిస్తున్నాను. రిఫరెన్స్ సెల్ (వెలుతురు ఎంతో చెప్పే ప్రామాణిక సెల్) క్యాలిబ్రేషన్, దీపం వర్ణపటానికీ సూర్యకాంతి వర్ణపటానికీ ఉన్న తేడా, ప్యానెల్ అంతటా వెలుతురు ఒకేలా పడకపోవడం, సెల్ ఉష్ణోగ్రత, ఇలా ఒక్కొక్క కారణాన్నీ పట్టుకుని సరిచేసుకుంటూ వస్తున్నాను. మా ప్రాజెక్టును అర్థశాస్త్రం వైపు నుంచి పరిశీలించే ఆచార్యులు ఒకరు ఇటీవల, "మీరు తగ్గించే ఆ ఒక్క శాతం వల్ల యూనిట్ ఉత్పత్తి వ్యయం ఎంత తగ్గుతుంది?" అని అడిగారు. నేను జవాబు చెప్పలేకపోయాను. ప్రయోగశాలలో వచ్చే అంకెకూ యూనిట్ వ్యయానికీ మధ్య ఉన్న దారిని ఎవరైనా వివరించగలరా? నా శ్రమ సరైన చోటే పెడుతున్నానా అన్నది కూడా తెలుసుకోవాలని ఉంది.

సమాధానం 1 (పరీక్షాశాలలో పనిచేసే ఇంజనీరు)

మీరు కొలుస్తున్న అంకె ప్రామాణిక పరీక్షా పరిస్థితులకు చెందినది: చదరపు మీటరుకు 1,000 వాట్ల కాంతి, 25 డిగ్రీల సెల్సియస్ సెల్ ఉష్ణోగ్రత, ఏఎం 1.5 వర్ణపటం (నేలను చేరే సూర్యకాంతికి ప్రమాణంగా తీసుకున్న వర్ణపటం). ఆరుబయట ఈ మూడూ ఒకేసారి కుదరడం చాలా అరుదు. ఫ్లాష్ కొన్ని పదుల మిల్లీసెకన్లలో ముగుస్తుంది కాబట్టి మీ దగ్గర సెల్ వేడెక్కదు, కానీ నిజమైన ఎండలో తప్పక వేడెక్కుతుంది. గాలి ఉష్ణోగ్రత 35 డిగ్రీలు, కాంతి 1,000 వాట్లు, ప్యానెల్ నామమాత్రపు పనిచేసే ఉష్ణోగ్రత (800 వాట్ల కాంతి, 20 డిగ్రీల గాలి ఉన్నప్పుడు సెల్ చేరే ఉష్ణోగ్రత) 45 డిగ్రీలు అనుకుంటే, సెల్ దాదాపు 66 డిగ్రీలకు చేరుతుంది. ఉష్ణోగ్రత గుణకం, అంటే ఒక్కో డిగ్రీ వేడికి సామర్థ్యంలో వచ్చే మార్పు, డిగ్రీకి మైనస్ 0.35 శాతం అయితే సామర్థ్యం 14 శాతం పైగా పడిపోతుంది. అదే గుణకం మైనస్ 0.26 శాతం ఉన్న ప్యానెల్‌లో ఆ తగ్గుదల 11 శాతం లోపే ఉంటుంది.

అంటే ఒకే లేబుల్ ఉన్న రెండు ప్యానెళ్ల మధ్య, వేడి వాతావరణంలో, మీరు పోరాడుతున్న ఒక్క శాతం కన్నా పెద్ద తేడా ఈ గుణకం నుంచే రావచ్చు. ప్యానెళ్ల పరీక్షకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఈసీ 61853 100 నుంచి 1,100 వాట్ల వరకు, 15 నుంచి 75 డిగ్రీల వరకు వేర్వేరు బిందువుల దగ్గర కొలవమనడానికి కారణం ఇదే. కొనేవారు డబ్బు ఇచ్చేది లేబుల్ మీద ఉన్న వాట్లకు, వారికి రాబడి వచ్చేది ఏడాదిలో ఉత్పత్తి అయ్యే యూనిట్ల మీద. ఈ రెంటినీ ఒకటిగా చూడడం వల్లనే చాలా వాదనలు పక్కదారి పడుతున్నాయని నా అభిప్రాయం.

సమాధానం 2 (ఇంధన రంగంలో ఆర్థిక విశ్లేషణ చేసేవారు)

సౌర విద్యుత్తుకు ఇంధన ఖర్చు లేదు. ఖర్చులో అధిక భాగం మొదటి రోజే అయిపోతుంది, రాబడి మాత్రం పాతికేళ్ల పాటు కొద్దికొద్దిగా వస్తుంది. అందుకే యూనిట్ వ్యయాన్ని నిర్ణయించడంలో పెట్టుబడి మీద చెల్లించే రేటుది చాలా పెద్ద పాత్ర. 25 ఏళ్లకు లెక్కిస్తే, 5 శాతం రేటు దగ్గర పెట్టుబడిలో ఏటా సుమారు 7.1 శాతం రాబట్టుకోవాలి, 10 శాతం రేటు దగ్గర 11 శాతం రాబట్టుకోవాలి. ప్యానెల్‌లో ఏ మార్పూ లేకుండానే వార్షిక పెట్టుబడి భారం 55 శాతం పెరిగిందన్నమాట. రేటు ఎక్కువ ఉండడానికి ఒక కారణం అప్పు ఇచ్చేవారి భయం, ఆ భయంలో కొంత భాగం కొలతల అనిశ్చితి నుంచి పుడుతుంది. మీ పని అర్థశాస్త్రంలోకి ప్రవేశించే ద్వారం అదే.

ఇప్పుడు మీ ఒక్క శాతం సంగతి చూద్దాం. అప్పు ఇచ్చేవారు సగటు అంచనాను కాక, పదింట తొమ్మిది వంతుల అవకాశంతో దాటగల ఉత్పత్తిని ఆధారంగా తీసుకుంటారు. ఉదాహరణకు, ఆ ప్రదేశంలోని సౌర వికిరణ అంచనాలో 5 శాతం, ఏడాదికీ ఏడాదికీ మధ్య మార్పులో 4 శాతం, దుమ్ము వల్ల నష్టంలో 3 శాతం, ప్యానెల్ రేటింగ్‌లో 2 శాతం అనిశ్చితి ఉందనుకుందాం. ఇవి ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే, వర్గాల మొత్తానికి వర్గమూలం తీయాలి: 7.35 శాతం వస్తుంది. రేటింగ్ అనిశ్చితిని 1 శాతం చేస్తే మొత్తం 7.14కు మాత్రమే దిగుతుంది, హామీ ఇవ్వగల ఉత్పత్తి 0.3 శాతం కూడా పెరగదు. అదే సౌర వికిరణ అంచనాను 5 నుంచి 3 శాతానికి తెస్తే మొత్తం 6.2 శాతానికి దిగుతుంది, హామీ ఉత్పత్తి సుమారు 1.7 శాతం పెరుగుతుంది. ఆ ప్రదేశంలో మంచి పైరానోమీటర్ (సౌర వికిరణాన్ని కొలిచే పరికరం) పెట్టి, దాని అద్దాన్ని శుభ్రంగా ఉంచి ఏడాది పాటు కొలవడం ఈ లెక్కలో ఎక్కువ విలువైన పని.

అయితే ఇంతటితో మీ శ్రమ వృథా అనుకోవద్దు. కొనుగోలు ఒప్పందంలో వాట్‌కు ఇంత అని ధర ఉంటుంది కాబట్టి, అక్కడ 2 శాతం పొరపాటు నేరుగా 2 శాతం డబ్బే. పైగా, ఒక్కో ప్యానెల్ కొలతలో యాదృచ్ఛికంగా వచ్చే దోషాలు వేల ప్యానెళ్ల మీద ఒకదానినొకటి కొట్టివేసుకుంటాయి కానీ, రిఫరెన్స్ సెల్ క్యాలిబ్రేషన్‌లోనే ఉన్న దోషం అలా పోదు. ఆ ఒక్క సెల్‌ను నమ్మి కొలిచిన ప్రతి ప్యానెల్‌లోనూ అది అదే దిశలో ఉంటుంది. మీరు తగ్గించిన భాగం ఈ రెండింటిలో ఏదో ముందుగా విడదీసి చూడండి.

పరిశోధక విద్యార్థి

ఇద్దరికీ కృతజ్ఞతలు. నా లెక్కలో ఆ రెండు రకాలనూ విడదీయకుండా ఒకే అంకెగా రాసుకున్నాను, అది నా పొరపాటే. ఇంకొక సందేహం ఉంది. ఏళ్లు గడిచేకొద్దీ ప్యానెల్ సామర్థ్యం క్షీణించడం ఈ లెక్కలో ఎంత ముఖ్యం?

సమాధానం 3 (క్షీణత మీద పరిశోధన చేసేవారు)

అది తగ్గింపు రేటు (భవిష్యత్తులో వచ్చేదాన్ని నేటి విలువకు మార్చడానికి వాడే రేటు) మీద ఆధారపడుతుంది. ఏటా 0.5 శాతం క్షీణించే ప్యానెల్‌నూ 1 శాతం క్షీణించే ప్యానెల్‌నూ 25 ఏళ్లకు పోల్చండి. మొత్తం యూనిట్లను ఊరికే కూడితే రెండోది 6.4 శాతం తక్కువ ఇస్తుంది. 5 శాతం రేటుతో నేటి విలువకు మార్చి కూడితే తేడా 5 శాతం, 10 శాతం రేటుతో అయితే 3.9 శాతం. డబ్బు ఖరీదైన చోట దూర భవిష్యత్తులోని నష్టం చిన్నదిగా కనిపిస్తుంది, కాబట్టి మన్నికైన ప్యానెల్‌కు ఎక్కువ ధర చెల్లించడానికి అక్కడ ఎవరూ అంతగా ముందుకు రారు. ఇది నన్ను ఎప్పుడూ బాధపెట్టే విషయం.

మైనస్ 40 నుంచి 85 డిగ్రీల మధ్య 200 సార్లు తిప్పే ఉష్ణ చక్రాలు, 85 డిగ్రీల వేడిలో 85 శాతం తేమలో 1,000 గంటలు ఉంచే పరీక్ష తొలినాళ్లలో బయటపడే లోపాలను పట్టడానికి ఉపయోగపడతాయి. ఏటా ఎంత శాతం తగ్గుతుందో అవి చెప్పవు. దానికి ప్యానెళ్లను ఎండలో పెట్టి, కొన్నేళ్ల పాటు మళ్లీ మళ్లీ కొలవడమే మార్గం. ఏటా 0.5 శాతం తగ్గుదల రెండేళ్లకు 1 శాతమే అవుతుంది. మీ కొలత ఒకసారికీ మరోసారికీ 1 శాతం ఊగిసలాడుతుంటే అది అందులో కలిసిపోతుంది.

మీ రెండేళ్ల శ్రమకు ఎక్కువ విలువ ఉన్నది ఇక్కడేనని నా నమ్మకం. అవే ప్యానెళ్లను అదే రిఫరెన్స్ సెల్‌తో కొలిచి నిష్పత్తి తీసుకుంటే, పై సమాధానంలో చెప్పిన క్యాలిబ్రేషన్ దోషం లవంలోనూ హారంలోనూ ఒకేలా ఉండి కొట్టివేయబడుతుంది. మిగిలేది కొలత పునరావృతంలోని తేడా మాత్రమే. అయితే ఆ సెల్ స్వయంగా మారకూడదు. అందుకు రెండు మూడు ప్యానెళ్లను చీకటిలో భద్రపరిచి, ప్రతిసారీ వాటిని కూడా కొలవండి. బోరాన్ కలిపిన సిలికాన్ అయితే, మొదటి గంటల వెలుగులో వచ్చే తగ్గుదలను వార్షిక క్షీణతగా పొరబడకుండా, ఆ ప్యానెళ్లతో సహా అన్నిటినీ ముందుగా వెలుతురులో ఉంచి స్థిరపరిచాకే తొలి కొలత తీసుకోండి.

పరిశోధక విద్యార్థి

మా దగ్గర స్థిరపరచకుండా కొలిచిన పాత ఫలితాలు ఉన్నాయి, వాటిని క్షీణత లెక్క నుంచి తప్పిస్తాను. చీకటిలో ఉంచడానికి మూడు ప్యానెళ్లను ఈ వారమే పక్కన పెడుతున్నాను. ఆచార్యులకు రెండు అంకెలు విడివిడిగా ఇస్తాను: క్యాలిబ్రేషన్ దోషం ఒకటి, పునరావృతంలోని తేడా మరొకటి.