స్టాండ్‌బై ఉన్నా లైన్ ఆగింది, మూడో కంప్రెసర్ కొంటే సరిపోతాదా?

హిందూపురం మెయింటెనెన్స్:
అందరికీ నమస్తే. బెంగళూరు పీణ్యలో ఒక మిషనింగ్ షాపులో మెయింటెనెన్స్ చూస్తా. మా దగ్గర రెండు స్క్రూ కంప్రెసర్లు, ఒకటి నడుస్తాది, ఒకటి స్టాండ్‌బై. పోయిన వారం నైట్ షిఫ్ట్‌లో రెండూ ఒకేసారి ఆగినాయి, గాలి ప్రెషర్ పడిపోయి సీఎన్‌సీలన్నీ (కంప్యూటర్‌తో నడిచే మిషన్లు) అలారంలోకి పోయినాయి, తెల్లారేదాకా లైన్ లేదు. తీరా చూస్తే కంప్రెసర్లకి ఏమీ కాలేదు, రెండిటినీ మార్చి మార్చి నడిపే కంట్రోలర్‌కి 24 వోల్టులు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ అనే పవర్ సప్లై కాలిపోయింది, అది ఒక్కటే ఉంది. ఇప్పుడు పైవాళ్ళు చేస్తా ఉండేది ఏందంటే స్టాండ్‌బై ఎందుకు ఆన్ చేయలేదని ఆపరేటర్ పిల్లోడికి మెమో, మూడో కంప్రెసర్‌కి కొటేషన్. నాకు రెండూ తప్పే అనిపిస్తా ఉంది కానీ మీటింగ్‌లో ఎట్లా చెప్పాలో తెలీడంలా. మీ దగ్గర ఇట్లాంటివి జరిగింటే రాయండి.

మారతహళ్ళి ఎస్‌ఆర్‌ఈ:
అన్నా, మూడోది కొన్నా ఆ కంట్రోలర్ కిందికే కదా వచ్చేది. మీటింగ్‌లో లెక్క చూపించండి. ఒక్కో కంప్రెసర్ 99 శాతం టైమ్ బాగుంటుంది అనుకుందాం, ఒకదానికీ ఇంకోదానికీ ఏ సంబంధం లేకపోతే రెండిట్లో ఒకటైనా నడిచేది 99.99 శాతం టైమ్, అంటే ఏడాదికి ఆగేది సుమారు 53 నిమిషాలు. కానీ రెండిటికీ కలిపి ఉన్న ఆ ఎస్‌ఎంపీఎస్ 99.9 మాత్రమే అయితే మొత్తం కథ అక్కడే ఆగుతుంది, ఏడాదికి 8 గంటల 45 నిమిషాలు అదొక్కటే తినేస్తుంది, పక్కన పది కంప్రెసర్లు పెట్టినా ఆ టైమ్ తగ్గదు.
మా ఆఫీసులో రెండు ఇంటర్నెట్ లింకులు, వేరే వేరే కంపెనీలవి, బిల్లులు వేరు రౌటర్లు వేరు. ఔటర్ రింగ్ రోడ్ పక్కన జేసీబీ తవ్వితే రెండూ పోయాయి, ఎందుకంటే వీధి చివర్నుంచి బిల్డింగ్ లోపలిదాకా రెండు ఫైబర్లూ ఒకే పైపులో వస్తున్నాయి. డయాగ్రామ్‌లో మాత్రం రెండు వేరే గీతలు. అప్పట్నుంచి ఒక్కో లింకునీ కావాలనే ఆపి చూస్తున్నాం, అందరికీ ముందే చెప్పి, పగటిపూట, సరిచేసేవాళ్ళు ఎదురుగా ఉన్నప్పుడు.

చిత్తూరు బయోమెడికల్:
ఇది చదువుతుంటే నేను ముందు పనిచేసిన హాస్పిటల్ గుర్తొచ్చింది, పేరు రాయను. రెండు డీజీలు (డీజిల్ జనరేటర్లు) ఉండేవి, నెలనెలా పది నిమిషాలు నడిపి రిజిస్టర్‌లో ఓకే రాసేవాళ్ళు. ఒక రాత్రి బెస్కామ్ కరెంట్ గంటలకొద్దీ రాలేదు, జనరేటర్ పక్కనుండే చిన్న డే ట్యాంక్‌లో డీజిల్ అయిపోవస్తోంది, కింద పెద్ద ట్యాంక్ నిండుగా ఉంది, పైకి తోడే పంపు మాత్రం తిరగట్లేదు. చూస్తే ఆ పంపుకి వైరు మెయిన్ కరెంట్ వైపునుంచి లాగారు, డీజీ వైపునుంచి కాదు! వార్డ్ బాయ్స్ క్యాన్లతో మోసి పోశారు, ఐసీయూలో వెంటిలేటర్లు బ్యాటరీ మీదకి పోకుండా ఆ పిల్లలే కాపాడారు. నెలనెలా టెస్టులో ఎందుకు దొరకలేదంటే పది నిమిషాల్లో డే ట్యాంక్ ఖాళీ అవ్వదు. తిట్లు తిన్నది మాత్రం ఆ రాత్రి డ్యూటీ ఎలక్ట్రీషియన్, పంపుకి వైరు లాగింది బిల్డింగ్ కట్టినప్పుడు, అప్పటికి అతను ఉద్యోగంలోనే లేడు. మెమో విషయంలో గట్టిగా మాట్లాడండి అన్నా, ఇలా తిట్లు తిన్నవాళ్ళు ఇంకోసారి చిన్న తేడా కనిపించినా పైకి చెప్పరు.

కోలార్ ప్రొడక్షన్:
అందరూ సిస్టం సిస్టం అంటున్నారు సరే, అడిగేవాడు లేకపోతే షాప్ ఫ్లోర్‌లో ఎవరూ పట్టించుకోరు. మాన్యువల్ స్విచ్ ఉంటుంది కదా, తిప్పితే అయిపోయేది.

హిందూపురం మెయింటెనెన్స్:
ఉంది అన్నా, ప్యానెల్ లోపల. డోర్ తాళం సూపర్‌వైజర్ దగ్గర ఉంటాది, నైట్ షిఫ్ట్‌కి సూపర్‌వైజర్ లేడు. స్విచ్ కింద ఆటో, మాన్యువల్ అని రాసింది కూడా చెరిగిపోయింది. పిల్లోడు కొత్త, వానికి ఆ స్విచ్ ఉందని చెప్పినోళ్ళే లేరు.

మల్లేశ్వరం రిటైర్డ్ ఏరో:
నాయనా, నేను విమానాల మెయింటెనెన్స్‌లో చేసి రిటైరయ్యాను. మీ మూడో కంప్రెసర్ ప్రశ్నకి మా ఫీల్డ్‌లో ఎప్పుడో జవాబొచ్చింది. 1989 జూలై 19న అమెరికాలో యునైటెడ్ 232, డీసీ-10 విమానం. దానికి విమానాన్ని తిప్పడానికి నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ సిస్టమ్‌లు మూడు, దేనికది వేరు, మూడూ పోవడం జరగదనే ధీమా. తోకలో ఉన్న ఇంజిన్‌లో ఫ్యాన్ డిస్క్ పగిలి ముక్కలు దూసుకొచ్చాయి, మూడిటి పైపులూ ఆ తోకలోనే దగ్గరదగ్గరగా పోతాయి, మూడిట్లోనూ నూనె కారిపోయింది. పైలట్లు మిగిలిన రెండు ఇంజిన్ల థ్రాటిల్స్‌తోనే సూ సిటీ దాకా తెచ్చారు, 296 మందిలో 184 మంది బతికారు. ఆ తర్వాత నాలుగో సిస్టమ్ పెట్టలేదు, తోకలో పైపు తెగినా నూనె అంతా పోకుండా అడ్డుకునే హైడ్రాలిక్ ఫ్యూజ్ పెట్టారు. ఖర్చు ఎక్కడ పెట్టాలో చూడండి. మీకు కావాల్సింది ఇంకో ఎస్‌ఎంపీఎస్, అది కూడా వేరే ఫీడర్ (కరెంట్ లైన్) నుంచి, లేకపోతే మళ్ళీ మొదటికే వస్తుంది.

మారతహళ్ళి ఎస్‌ఆర్‌ఈ:
సార్ చెప్పింది బంగారం. పైవాళ్ళకి విమానం దూరం అనిపిస్తే చంద్రయాన్ చెప్పండి అన్నా, ఇస్రో ట్రాకింగ్ సెంటర్ ఇస్ట్రాక్ మీ పీణ్యలోనే కదా. 2019లో చంద్రయాన్-2 ల్యాండర్ విక్రమ్ సరిగ్గా దిగలేదు, చంద్రయాన్-3కి ఏది ఫెయిల్ కావచ్చు, అయితే ఎలా తట్టుకోవాలి అనే వైపునుంచి డిజైన్ చేశామని అప్పటి ఇస్రో చైర్మన్ సోమనాథ్ గారే చెప్పారు. కాళ్ళు గట్టిపరిచారు, ఇంధనం పెంచారు, దిగే చోటు 500 మీటర్ల చదరం నుంచి 4 కిలోమీటర్లు బై 2.4 కిలోమీటర్లకి పెంచారు. అయిదు ఇంజిన్లని నాలుగు చేశారు కూడా, అంటే ప్రతిచోటా వస్తువులు పెంచుకుంటూ పోలేదు.

కోలార్ ప్రొడక్షన్:
తాళం సంగతి విన్నాక మెమో మాట వెనక్కి తీసుకుంటున్నా. ఒకటి చెప్తా, పనికొస్తుంది. ఆటో కస్టమర్లుంటే మీ దగ్గర ఎఫ్‌ఎంఈఏ షీటు, అంటే ఏది ఎలా ఫెయిల్ కావచ్చో ముందే రాసుకునేది, ఉండే ఉంటుంది, తీవ్రత, ఎంత తరచుగా, ముందే దొరుకుతుందా లేదా, మూడిటికీ 10కి మార్కులేసి గుణించేది. అందరూ పార్ట్ ప్రాసెస్‌కే రాస్తారు, గాలి, కరెంట్, కూలింగ్ నీళ్ళకి రాయరు. వాటికీ రాయండి. ఒక్కో లైన్లో ఒక్కో ఫెయిల్యూరే రాస్తాం కాబట్టి ఇలాంటివి దాంట్లో తప్పించుకుంటాయి, అందుకే పక్కన ఇంకో గడి పెట్టండి, ఇది పోతే దీంతోపాటు ఇంకేం పోతాయి అని.

చిత్తూరు బయోమెడికల్:
ఆ గడి నింపాలంటే ప్యానెల్ డ్రాయింగ్ కావాలి. మీది లేటెస్ట్‌దేనా?

హిందూపురం మెయింటెనెన్స్:
డ్రాయింగ్ ఉంది అక్కా, ప్యానెల్ వచ్చినప్పటిది, తర్వాత మార్చినవేవీ దాంట్లో లేవు. గాలిలో తేమ తీసే ఎయిర్ డ్రయర్ కూడా ఒక్కటే, రెండు కంప్రెసర్ల గాలీ దాంట్లోంచే పోవాల, బైపాస్ వాల్వ్ ఉంది కానీ తిప్పి చూసినోళ్ళు లేరు, ఇది రాస్తా ఉంటే ఇప్పుడే తట్టింది. ఆదివారం షట్‌డౌన్‌లో ఎలక్ట్రీషియన్‌తో కలిసి ఒక్కో కేబుల్ పట్టుకోని ఎక్కడి నుంచి వస్తాందో రాసుకుంటాం, ఆ పిల్లోన్ని కూడా పిలిచినా. తాళం సంగతి ఈ రోజే అయిపోయింది, ఒక చెవి ప్యానెల్ పక్కన అద్దం పెట్టెలో పెట్టించినా. మూడో కంప్రెసర్ కొటేషన్ మీద సంతకం చేయలేదు, మీటింగ్ అయినాక ఇక్కడే రాస్తా.