బరంపురం మాస్టర్‌ప్లాన్ సవరిస్తే పాత వీధుల్ని 40 అడుగులు చెయ్యాలా?

పాతవీధి: 20 అడుగుల వీధి 40 కావాలంటే రెండు పక్కలా పదేసి అడుగులు పోతాయి. నేతవాళ్ల వీధుల్లో ఇళ్లు గోడకి గోడ ఆనుకుని ఉంటాయి. 15 అడుగుల వెడల్పు, 60 అడుగుల లోతు ఉన్న ఇల్లు 900 చదరపు అడుగులు. కోస్తే 750. పైగా దూలాలు ఉమ్మడి గోడ మీద ఉంటాయి; ఒక ఇల్లు కోస్తే పక్కింటి గోడ కదులుతుంది.

హైవేపక్క: మరి ఫైరింజను ఎలా వస్తుందండీ? వీధి ఇరుకైతే మేడకి పర్మిషనూ రాదు. ఊరు లోపల పెరగకపోతే అంబపువా వైపు పొలాలే పోతాయి. అరడుగు నీళ్లు నిలిచే ఎకరం మడి దాదాపు 6 లక్షల లీటర్లు పట్టుకుంటుంది. దాన్ని పూడ్చి ప్లాట్లు వేస్తే ఆ నీళ్లు ఎవరింట్లోకి పోతాయి?

పాతవీధి: ఫైరింజను వెడల్పు రెండున్నర మీటర్లు. దానికి అడ్డం గోడలు కాదు, కాలువ మీద కట్టిన అరుగులూ మెట్లూ. అవి తీయిస్తే బండీ వస్తుంది, కాలువలో పూడికా తియ్యొచ్చు.

సర్వేగొలుసు: 1:10,000 పటం మీద అర మిల్లీమీటరు గీతంటే నేల మీద 5 మీటర్లు, అంటే 16 అడుగులు. మీరు పదడుగుల కోసం కొట్టుకుంటున్నారు! ప్లాన్ ముసాయిదా వస్తే మౌజా (రెవెన్యూ గ్రామం), ఖాతా, ప్లాటు నంబర్లు వేసి గడువులోగా రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వండి. గీతని ప్లాట్ల మ్యాపు మీద వేసి చూపించమనండి.

కొత్తబస్తీ: అరుగులు తియ్యమంటే ముందు కౌన్సిలరే ఒప్పుకోడు.

హైవేపక్క: గీత సంగతి తర్వాత. పోయిన జాగాకి టీడీఆర్ (వేరేచోట అదనంగా కట్టుకునే హక్కు కాగితం) ఇస్తారు, అమ్ముకోవచ్చు. ఇంకేం నష్టం?

పాతవీధి: ఎవరికిస్తారండీ టీడీఆర్? పట్టాలో ఇంకా తాత పేరే! మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) కావాలంటే వారసులంతా సంతకాలు పెట్టాలి. ఒకడు సూరత్‌లో, ఒకడు విశాఖలో. ఇల్లు పోతుంది, కాగితం చేతికి రాదు. మాకు రోడ్డు మీద కోపం లేదు, ఈ లెక్క మీదే.

హైవేపక్క: అదేదో మొదటే చెప్పాల్సింది. అయినా మీ పట్టాలు తేలేదాకా ఊరంతా ఆగాలా?

పాతవీధి: ఊరు ఆగక్కర్లేదు. ఆ వీధుల్లో ముందు మ్యుటేషన్ క్యాంపు పెట్టాలని, అది అయ్యాకే వెడల్పు గీత అమల్లోకి రావాలని ప్లాన్‌లో రాయించండి. ఆ అభ్యంతరం మీద మీరూ సంతకం పెడతారా?

హైవేపక్క: క్యాంపు వరకూ పెడతాను. గీత ఆపమంటే పెట్టను.