ముత్తాత రోజు పుస్తకంల నుంచి మంచి మాటలే ఏరుకుని రాయొచ్చా?

పరకాల పిల్ల:
మా బాపుకు తాత పరకాల దిక్కు ఒక ఊరికి పట్వారి, భూముల లెక్కలు రాసేటోడు. రోజూ పండుకునే ముందు నాలుగైదు ముక్కలు రాసుకునేటోడట. నిజాం సర్కారు ఏడాది లెక్కల ఫసలీ 1344 నుంచి 1358 దాక పుస్తకాలు మిగిలినయి. తెలుగే, నడుమ ఉర్దూ మాటలు. నేను అందుల నుంచి ఒక్కో వాక్యం తీసుకుని ఇప్పటి బతుకుకు ముడివెట్టి వారం వారం చిన్న వ్యాసం రాస్తున్న. "అప్పు అడిగినవానికి ఆ పూటనే జవాబు చెప్పవలెను, రేపు రమ్మన్న ఇద్దరికిని నిద్ర ఉండదు." ఈ ఒక్క వాక్యం మీద రాసింది చానామందికి నచ్చింది.

మొన్న దాని కింద మా మేనత్త కొడుకు ఒక ఫొటో పెట్టిండు. అదే పేజీ, కింది సగం. "నేడు వెట్టికి ఆరుగురు వచ్చిరి. ఏడవవాడు రాలేదు. వాని మేకను తెప్పించితిని." గది సంగతి ఎందుకు రాయలేదని అడుగుతున్నడు. అడగనియ్యండి గని, మనిషిల మంచిని తీసుకుని మిగిలింది ఇడిసిపెడితే తప్పేంది? మీరేమంటరు?

మానేరు ఒడ్డు:
తప్పేం లేదక్కా. మా తాత తాగొచ్చి అవ్వను కొట్టేటోడు. నాకు ఈత నేర్పింది గూడ ఆయనే. ఇప్పుడు ఈత మర్చిపోవాల్నా? అందరి తాతలు దేవుళ్లు కాదు. దొరికిన మంచి దొరికినంత రాయి.

గడి ఎనక గుడిసె:
ఈత నేర్పేటప్పుడు మీ తాత ఎవ్వని మేకను తోలుకపోలేదు కదన్నా. ఇక్కడ పై వాక్యం, కింది వాక్యం ఒకే రాత్రి ఒకే కలంతోని రాసినయి.

మావోళ్లు ఆ ఏడుగురి లెక్కలోళ్లు. మా ఊరు వేరే, కత అదే. పట్వారి నుంచి కబురొస్తే ఎవుసం ఇడిసిపెట్టి ఉరకాలె, మూటలు మొయ్యాలె, వడ్లు దంచాలె. మా ఇంట్ల డైరీ లేదు, రాయ వచ్చినోడు లేడు. మా పెద్దల పేర్లు కాయితం మీద ఉన్నయంటే మీ అసొంటోళ్ల పుస్తకాలల్లనే, అదీ బాకీదార్ల కింద. గా సగం నువ్వు కోసేస్తే మావోళ్లు ఇంకెక్కడ దొరుకుతరు చెల్లె?

లెక్కల పంతులు:
నేను నీతి జోలికి పోను, లెక్క అడుగుతా. అమ్మా, మీ వ్యాసాల్లో ఒకటి పొదుపు మీద ఉంది: నెలకు ఇంటి ఖర్చు 11 రూపాయలతో వెళ్లదీశాడని మెచ్చుకున్నారు. ముందుగా అవి హాలి సిక్కా, అంటే నిజాం సర్కారు రూపాయలు. ఏడు హాలి రూపాయలు ఇస్తే ఆరు కల్దార్, అంటే బ్రిటిష్ ఇండియా రూపాయలు వచ్చేవి, కాబట్టి అక్కడి ధరలతో పోల్చకండి. అంతకన్నా పెద్ద సంగతి: కట్టెలు కొట్టినవాడికి, నీళ్లు మోసినవాడికి, బండి తోలినవాడికి కూలి ఎక్కడ రాశాడు? రాయలేదు, ఎందుకంటే ఇవ్వలేదు. ఊరు ఊరంతా ఊరికే చేసిపెడితే నా జీతంలోనూ సగం మిగులుతుంది. కింది సగం లేకుండా ఆ పొదుపు పాఠం మంచిదా చెడ్డదా అన్న మాటే రాదు. అది తప్పుడు లెక్క. దాన్ని నమ్మి ఎవరైనా తమ ఇల్లు నడుపుకోబోతే నడవదు.

అప్పు గురించిన వాక్యం మాత్రం నిలబడుతుంది. కానీ ఆ పూటనే జవాబు చెప్పించుకున్నవాళ్లు ఏం వడ్డీకి తీసుకున్నారో చూశారా?

పరకాల పిల్ల:
చూసిన సార్. నాగుకు ఇచ్చేటోడు. బస్తా వడ్లు ఇస్తే పంటకు బస్తన్నర.

మానేరు ఒడ్డు:
అప్పట్ల అందరు గట్లనే ఇచ్చేటోళ్లు. ఇప్పటి కండ్లతోని చూస్తే ఎట్ల?

గడి ఎనక గుడిసె:
ఇచ్చేటోళ్లు అందరు కాదన్నా, ఊరికి ఇద్దరో ముగ్గురో. తీసుకునేటోళ్లు అందరు.

ఖిల్లా వరంగల్:
నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి, కాస్త పక్కకు జరిగి చెబుతాను. పుదుచ్చేరిలో ఫ్రెంచివాళ్ల దగ్గర దుబాషీగా (మాటలు అనువదించేవాడిగా) పనిచేసిన ఆనందరంగ పిళ్లై 1736 నుంచి 1761 దాకా తమిళంలో రోజు పుస్తకం రాశాడు. తగాదాలు, కానుకలు, జాతకాలు, బేరాలు అన్నీ అందులో ఉన్నాయి. అక్కడి ఫ్రెంచి గవర్నర్ డూప్లే కాలం తెలుసుకోవాలంటే ఇవాళ్టికీ దాన్ని తిరగేస్తారు. అందులోంచి సూక్తులు మాత్రమే ఏరి ఉంటే ఎవరు చూసేవారు?

ఇంకొకటి. తేదీలు జాగ్రత్త. నిజాం సర్కారు ఫసలీ సంవత్సరం అక్టోబర్‌లో ఆజూర్ నెలతో మొదలయ్యేది. ఇంగ్లీషు సంవత్సరం కావాలంటే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా 590 కలపండి, జనవరి నుంచి 591. ఆ లెక్కన ఫసలీ 1356 చివరి పేజీలు తీసి చూడండి. 1947 సెప్టెంబర్ 2న పరకాలలో జాతీయ జెండా ఎగరేయబోయినవాళ్ల మీద కాల్పులు జరిగి 22 మంది చనిపోయారు. అమరధామం వాళ్ల పేరిటే కట్టింది. మీ ముత్తాత ఏం రాశాడు?

పరకాల పిల్ల:
ఇప్పుడే తీసి చూసిన. ఆ రోజు: "వాన. పత్తి మంచిగ ఉన్నది. పరకాలకు పోలేదు." తెల్లారి పేజీల ఎడ్ల బేరం. తర్వాత వారం దాక గూడ ఏం లేదు.

మానేరు ఒడ్డు:
భయపడ్డడేమో. పుస్తకం ఎవ్వని చేతుల పడ్తదో అని.

గడి ఎనక గుడిసె:
కావొచ్చు. మేక సంగతి రాసినప్పుడు మాత్రం భయం లేకుండె.

ఖిల్లా వరంగల్:
రెండూ నిజమే కావచ్చు. నాకైతే "పరకాలకు పోలేదు" అన్నదే ఆ పుస్తకాలన్నింటిలోకీ బరువైన వాక్యం. పోనివాడు పోలేదని ఎందుకు రాసుకోవాలి? వ్యాసం రాయాలంటే దీని మీద రాయండి. పాఠం ఉందో లేదో చదివేవాళ్లు చూసుకుంటారు.

కోర్టు గల్లీ:
మధ్యల ఒక మాట. పుస్తకం వేసే ఆలోచన ఉంటే హక్కుల సంగతి చూస్కో. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, రాసినాయన బతికున్నప్పుడు అచ్చుగాని రాత మొదటిసారి అచ్చయితే, ఆ మరుసటి ఏడాది మొదలు 60 ఏండ్లు హక్కు ఉంటది. వీలునామా లేకుంటే హక్కు వారసులందరిది. మీ తాత 1956 వారసత్వ చట్టం వచ్చినంక పోయి ఉంటే మీ మేనత్తకూ వాటా ఉంటది. అంటే ఆ ఫొటో పెట్టిన బావతోని మంచిగ ఉండుడు అవసరం.

పరకాల పిల్ల:
బావతోని నిన్ననే మాట్లాడిన. ఇగ నుంచి పేజీ మొత్తం ఫొటో పెట్టి దాని కింద రాస్త. పొదుపు వ్యాసం మళ్ల రాస్త, పంతులు సార్ అడిగిన కూలి లెక్క వెట్టి. ఒక్కటి తెగుతలేదు. మేక పోయినాయన పేరు పేజీల ఉన్నది. వాళ్ల మనుమలు ఇప్పటికీ ఊళ్లెనే ఉన్నరు. పేరు కనవడనియ్యాల్నా, మూసెయ్యాల్నా?

లెక్కల పంతులు:
మూసేయండి. వెట్టికి పోక మేకను పోగొట్టుకున్నాడని లోకానికి తెలియాలని ఆయన కోరుకోలేదు కదా.

గడి ఎనక గుడిసె:
నేను ఒప్పుకోను సార్. మీ తాత పేరు ఉండాలె, మా తాత పేరు మూసెయ్యాలె, గదేం న్యాయం? కని మనమిద్దరం చెప్పేది కాదిది. చెల్లె, ఆ పేజీ జిరాక్స్ తీస్కొని వాళ్లింటికి పో. వాళ్లు చెప్పినట్టు చెయ్యి.

మానేరు ఒడ్డు:
ఇన్ని షరతులు వెడితే ఇగ ఎవ్వలు తమ తాతల పుస్తకాలు బయటికి తీస్తరు? అటుకు మీదనే చెదలు తింటయి. చూస్తుండుండ్రి.

పరకాల పిల్ల:
నేనైతే తీసిన కదన్నా. దసరాకు ఊరికి పోతున్న, వాళ్లింటికి గూడ పోత. వాళ్లు తిడితే గది గూడ రాస్త. ఖిల్లా సార్, ఫసలీ 1351 పుస్తకం అట్ట ఊడింది, కాయితాలు అంటుకపోయినయి. సెల్లోటేప్ వెయ్యొచ్చా?

ఖిల్లా వరంగల్:
వద్దు, ఆ జిగురు కాగితాన్ని పసుపు చేసి తినేస్తుంది. లామినేషన్ అసలే వద్దు. అంటుకున్న పేజీలను లాగకండి, వచ్చినంత వరకు ఫొటోలు తీసి, నూలు బట్టలో చుట్టి పొడిచోట పెట్టండి.