‘లఘువు సేసి’యా, ‘లయము సేసి’యా? ఒక సర్క్యూట్ల ఆటవెలది

మూడు లాంతర్లు (విజయనగరం):
డిప్లొమా రెండో ఏడాదిలో మా సర్క్యూట్స్ మాస్టారు సూపర్‌పొజిషన్ లెక్క (చాలా సోర్సులున్న సర్క్యూట్లో ఒక్కో సోర్సు వల్ల వచ్చే కరెంటుని విడిగా కట్టి చివర్న కూడే పద్ధతి) మొదలుపెట్టే ముందు ఒక ఆటవెలది చదివేవారు. సుద్దముక్క జేబులో వేసుకుని, చెయ్యి దులుపుకుని మరీ చదివేవారు. నాకు మిగిలింది ఇంతే (మూలమంటే సోర్సు, ఒరులంటే ఇతరులు):

ఒక్క మూలముంచి యొరులనందరినెల్ల
ల... సేసి చూడ లబ్ధమగును
విడిగ వచ్చినట్టి విద్యుత్తులన్నియు

నాలుగో పాదం బొత్తిగా పోయింది. రెండో పాదం మొదటి మాట ‘లఘువు’ అని నేనంటాను, ‘లయము’ అని నా పక్క బెంచీవాడంటాడు. ఎవరికైనా పూర్తిగా వచ్చా?

బొబ్బిలి కోట:
నాలుగో పాదం ‘గుర్తుతోడఁ గూర్చఁ గుదురు లెక్క’. మాకూ ఆయనే చెప్పారు. ‘గుర్తుతోడ’ అన్నచోట ఆగి, కరెంటు దిక్కు చూడకుండా కూడేసేవాళ్ళ వైపు కళ్ళజోడు మీంచి చూసేవారు.

రెండో పాదం ‘లఘువే’, సందేహం లేదు. షార్ట్ సర్క్యూట్‌ని మన పుస్తకాల్లో లఘువలయం అన్నారు కదా. వోల్టేజి సోర్సు తీసేసి ఆ చోట షార్టు చెయ్యడమే (ఉత్త తీగతో కలపడమే) లఘువు సెయ్యడం. పైగా ఆ మాటలో మూడక్షరాలూ లఘువులే. ఛందస్సు తెలిసిన మనిషి అంత మంచి చమత్కారం ఎందుకు వదులుకుంటాడు?

నాగావళి గట్టు (శ్రీకాకుళం):
చమత్కారం బానే ఉంది గానీ, కరెంటు సోర్సు మాటేటండీ? దాన్ని కూడా లఘువు చేసేస్తారా? 12 వోల్టుల బ్యాటరీ తీసుకోండి. దానికి వరసలో 4 ఓములు, తర్వాత గ్రౌండుకి 2 ఓములు. ఆ 2 ఓములకి సమాంతరంగా 3 ఆంపియర్ల కరెంటు సోర్సు. బ్యాటరీ ఒక్కటే ఉంచి కరెంటు సోర్సుని ఓపెన్ చేస్తే (దారి తెంపేస్తే) 2 ఓముల్లో 2 ఆంపియర్లు. కరెంటు సోర్సు ఉంచి బ్యాటరీని షార్టు చేస్తే, 3 ఆంపియర్లూ చీలి, 2 ఓముల్లోకి మళ్ళీ 2. మొత్తం 4. నోడల్‌లో చూసుకున్నా నోడ్ (తీగలు కలిసేచోటు) దగ్గర 8 వోల్టులు, అంటే 4 ఆంపియర్లే.

ఇప్పుడు మీ పాఠం ప్రకారం ‘యొరులనందరినెల్ల లఘువు’ చెయ్యండి. కరెంటు సోర్సు షార్టయితే 2 ఓముల రెసిస్టరు పక్కనుంచే కరెంటంతా పోతుంది, దాన్లో సున్నా. లెక్క 2 దగ్గర ఆగిపోతుంది. క్లాసంతా తప్పు చేసే పద్యం ఏ మాస్టారైనా చెప్తాడా? ‘లయము’ అంటే రెండిటికీ సరిపోతుంది. వోల్టేజిని లయం చేస్తే షార్టు, కరెంటుని లయం చేస్తే ఓపెన్. ఇప్పటికీ క్లాసుల్లో ‘సోర్సుని చంపండి’ అంటారు. చంపడానికి పద్యంలో మర్యాద మాట లయమే.

బొబ్బిలి కోట:
మీ లెక్కకి దణ్ణం. కానీ ఆ పద్యం చెప్పింది రెండు బ్యాటరీల లెక్కకి ముందు. కరెంటు సోర్సు పాఠం ఆ తర్వాత నెలలో. అప్పటికి ఇంకో పద్యం ఉండే ఉంటుంది.

చీపురుపల్లి రోడ్డు:
ఉండే ఉంటుంది అనేది సాక్ష్యం కాదు మాస్టారూ. పోనీ ఛందస్సుతో తేలుద్దామంటే అదీ దారివ్వడం లేదు. లఘువు నగణం (మూడూ లఘువులే), లయము నగణం. యతి ‘ల’కి నాలుగో గణంలో ‘లబ్ధ’తో, రెండిటికీ సరే. ప్రాసయతి వేసి ఉంటే రెండో అక్షరం పట్టుబడేది. వెయ్యలేదు.

నాకో అనుమానం. మనవైపు ‘ఘ’కి వత్తు పలికేవాళ్ళెంతమంది? ‘లగువు’ అని పలికి ఉంటారు. వెనక బెంచీలో కూర్చున్నవాడికి ‘లగువు’, ‘లయము’ ఒకేలా వినబడవా?

మూడు లాంతర్లు:
వెనక బెంచీ కాదండీ, రెండో బెంచీ.

అరసవల్లి వీధి:
అక్షరం దగ్గరే తిరుగుతున్నారు, అసలు మాట వదిలేసి. సూపర్‌పొజిషన్‌కి తెలుగు అకాడమీ పుస్తకాల్లో ‘అధ్యారోపణ సూత్రం’ అని ఉంటుంది. అది వేదాంతం మాట. అక్కడ అధ్యారోపం వెనకాలే అపవాదం వస్తుంది. తాడు మీద పాముని ఆరోపించడం ఒకటి, ఆ ఆరోపించినదాన్ని తీసెయ్యడం ఇంకొకటి. అపవాదమంటే లయం చెయ్యడమే. కాబట్టి ‘లయము’.

ఇంకో సంగతి. ఆ 4 ఆంపియర్లలో ‘బ్యాటరీ తెచ్చిన 2’, ‘సోర్సు తెచ్చిన 2’ అని వేరువేరుగా ఎక్కడున్నాయి? అమ్మీటరు పెట్టండి, 4 అనే చూపిస్తుంది. ఆ రెండు రెళ్ళూ మన బుద్ధి ఆరోపించినవి. అకాడమీవాళ్ళు తెలిసే ఆ పేరు పెట్టారని నా నమ్మకం.

నాగావళి గట్టు:
లయానికి ఓటేసినందుకు సంతోషం. కానీ అధ్యారోపం అబద్ధమైతే ఏంప్లిఫయరు ఎలా పనిచేస్తోందండీ? ట్రాన్సిస్టరు కలెక్టరు దగ్గర డీసీ బయాసూ (మారకుండా ఉండే వోల్టేజి) ఉంది, దాని మీద పాట సిగ్నలూ ఉంది. ఒక కెపాసిటర్ అడ్డం పెట్టగానే డీసీ ఇవతలే ఆగిపోయి పాట ఒక్కటీ అవతలకెళ్తుంది. మనసులో ఆరోపించినదాన్ని కెపాసిటర్ ఎలా విడదీస్తుంది?

అరసవల్లి వీధి:
కెపాసిటర్ విడదియ్యదు, వేరువేరు ఫ్రీక్వెన్సీలకి వేరువేరుగా స్పందిస్తుంది. మీ సర్క్యూట్లో రెండూ డీసీలే. ఏ కెపాసిటర్ పెట్టి ఆ రెండు రెళ్ళనీ విడదీస్తారో చెప్పండి.

కోట జంక్షన్:
ఆరోపణ, అపవాదు... నేను రాజకీయాల పేజీ అనుకుని వచ్చాను.

సంగీత కాలేజీ మెట్లు (విజయనగరం):
‘లయము’ అనగానే ఎవరికీ ఆదిభట్ల నారాయణదాసు గారు గుర్తు రాలేదా? అదీ విజయనగరంలో కూర్చుని! లయబ్రహ్మ అని పేరు ఆయనకి. రెండు చేతులు, రెండు కాళ్ళు, తల, ఒక్కోదానితో ఒక్కో తాళం ఒకేసారి నడిపేవారు. పంచముఖి అనేవారు దాన్ని. ఐదు మూలాలు, ఐదూ ఒకే ఒంట్లో. ఇంతకంటే సూపర్‌పొజిషన్ ఏముంటుంది? 1919లో గానపాఠశాల పెట్టినప్పుడు తొలి ప్రిన్సిపాల్ ఆయన. ఈ ఊళ్ళో చదువు చెప్పే ఏ మాస్టారి చెవిలోనైనా ‘లయ’ అనే మాట పడితే దానికి రెండర్థాలు మోగుతాయి. పద్యం రాసిన మనిషి ఆ శ్లేష కావాలనే వేశారని నా అభిప్రాయం.

చీపురుపల్లి రోడ్డు:
అమ్మా, దాసుగారంటే నాకూ దైవమే. మా తాతగారు అజ్జాడ వాళ్ళు, దాసుగారు పుట్టిన ఊరు. కానీ పోలిక కుదరదు. సూపర్‌పొజిషన్‌లో నాలుగు తాళాలూ ఆపి ఒకటి వినాలి, మళ్ళీ అది ఆపి ఇంకోటి వినాలి, చివర్న కాగితం మీద కూడుకోవాలి. దాసుగారి గొప్పతనం ఒక్కటీ ఆపకపోవడంలోనే కదా. అచ్చతెనుగు మీద అంత పట్టున్న ఆయన్ని అడిగితే ‘లయము’, ‘లఘువు’ రెండూ తత్సమాలేనని పక్కన పెట్టి ఇంకో మాట కట్టిచ్చేవారు.

సంగీత కాలేజీ మెట్లు:
ఆపకపోయినా ఏ కాలికి ఏ తాళమో విననేర్చినవాడు విడదీసి వింటాడు. వినడం రానివాడే ఆపమంటాడు. అరసవల్లి వారు అడిగిన ‘ఏ కెపాసిటర్’కి నా జవాబు కూడా ఇదే, వినే చెవి.

ఆమదాలవలస స్టేషను:
అందరూ రెండో పాదం మీద పడ్డారు గానీ తప్పు మొదటి పాదంలో ఉంది. ‘యొరులనందరినెల్ల’. అందరినీ ఎలా లయం చేస్తారు? డిపెండెంట్ సోర్సులుంటే వాటిని ముట్టుకోకూడదు. ఎక్కడో ఒక కరెంటుకో వోల్టేజికో కట్టుబడి పనిచేసేవి అవి, లెక్క పొడుగూతా సర్క్యూట్లోనే ఉండాలి. వంతులవారీగా తియ్యాల్సింది స్వతంత్రమైన సోర్సుల్నే. లఘువన్నా లయమన్నా ‘అందరినెల్ల’ ఉన్నంతసేపూ పద్యం తప్పే. నా సవరణ:

ఒక్క మూలముంచి యొరుల స్వతంత్రుల
లయము సేసి చూడ లబ్ధమగును

‘స్వ’ ముందున్న ‘ల’ని గురువంటారా, లఘువంటారా అని కత్తులు దూయకండి. గురువైతే నాలుగో గణం సలం, లఘువైతే నలం. రెండూ ఇంద్రగణాలే.

బొబ్బిలి కోట:
ఆహా. అయినా పాతపద్యాన్ని దిద్దే హక్కు మనకెవరిచ్చారు? అడిగింది ఆయన ఏమన్నారని, ఏమని ఉంటే బావుణ్ణని కాదు.

పాలకొండ బస్సు:
నా గొడవ వేరు. ‘ఒరులు’ మనుషులకి చెప్పే మాట. బ్యాటరీలు ఒరులెలా అవుతాయి? ‘యొండువానిని’ (వేరేవాటిని) లాంటిదేదో ఉండాలి.

అరసవల్లి వీధి:
ప్రాణం లేనివాటికి మహద్వాచకం (మనుషులకి వాడే మాట) వాడకూడదనా? ఈ సూత్రాన్ని కరెంటుకి పట్టించి 1853లో రాసిన హెల్మ్‌హోల్ట్జ్ దాన్ని జంతువుల ఒంట్లో పుట్టే విద్యుత్తు ప్రయోగాల కోసమే రాశాడు. అంటే మొదటి మూలాలు ప్రాణమున్నవే! తెవెనిన్ పేరుతో మనం బట్టీ కొట్టే సిద్ధాంతం కూడా ఆ వ్యాసంలోనే ఉంది. తెవెనిన్ తనంతట తాను కనుక్కుని అచ్చేసింది 1883లో. 30 ఏళ్ళ తర్వాత వచ్చినా పేరు ఆయనకే దక్కింది.

పాలకొండ బస్సు:
దానికీ ‘ఒరులు’కీ ఏటి సంబంధం?

అరసవల్లి వీధి:
ఉంది. ఆలోచించండి.

కోట జంక్షన్:
నాకు మూడో పాదం మీద చిన్న అనుమానం. ‘విద్యుత్తులన్నియు గూర్చ’ అన్నారు. విద్యుత్తంటే కరెంటా, పవరా? మా ఇంట్లో ‘విద్యుత్తు’ అంటే బిల్లులో వచ్చేదే. పవర్ అని అర్థం చేసుకుని కూడితే నాగావళి గారి సర్క్యూట్లో విడివిడిగా 8 వాట్లు, 8 వాట్లు, కలిపి 16. నిజానికి 4 ఆంపియర్ల వర్గాన్ని 2తో గుణిస్తే 32. సగానికి సగం మింగేస్తుంది ఆ మాట. పవర్‌లో కరెంటు వర్గముంటుంది కాబట్టి సూపర్‌పొజిషన్ చెల్లదు.

నాగావళి గట్టు:
రాజకీయాల పేజీ మనిషి భలే పట్టారు. అదే సోర్సుని తిరగేసి కట్టండి, ‘గుర్తుతోడ’ ఎందుకన్నారో తెలుస్తుంది. 2లోంచి 2 పోయి 2 ఓముల్లో కరెంటే ఉండదు. పవర్లు కూడినవాడు అప్పుడూ 16 వాట్లే అంటాడు.

చీపురుపల్లి రోడ్డు:
అసలు తేల్చే దారి ఒకటుంది, ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఆ మాట తర్వాత మాస్టారు ‘సేసి’ అన్నారా, ‘జేసి’ అన్నారా? ‘ఒరులను లఘువు సేసి’ అన్నప్పుడు లఘువు విశేషణం, ప్రథమ. దాని మీద చకారానికి సకారం రావాలి. ‘లయము’ మాత్రం కర్మ, ద్వితీయ. ‘లయముఁ జేసి’ అని ద్రుతం (పదం చివరి నకారం) మీద జకారం వస్తుంది. ‘సేసి’ అయితే లఘువు, ‘జేసి’ అయితే లయము.

బొబ్బిలి కోట:
‘సేసి’ అనే ఉంది పైన! తేలిపోయింది.

ఆమదాలవలస స్టేషను:
ఏమీ తేలలేదు. జడవాచకానికి ద్వితీయ చోట ప్రథమ రావడం మన భాషలో మామూలే. ‘లయము సేసి’ కూడా చెల్లుతుంది. అదీగాక ‘ఒరులను’ అనే కర్మ ముందే ఉంటే ‘లయము’ ఇంకో కర్మ ఎలా అవుతుంది? సమాసక్రియ అది.

చీపురుపల్లి రోడ్డు:
సమాసక్రియ అయితే ‘లయముసేసి’ అని కలిపి రాయాలి మరి.

మూడు లాంతర్లు:
అయ్యా, నేను పైన ‘సేసి’ అని నోటికొచ్చినట్టు టైపు చేశాను. నోట్సు అటక మీంచి దింపి చూస్తే అక్కడ ‘చేసి’ అని ఉంది. సకారమూ లేదు, జకారమూ లేదు. ముందు మాట మీద సిరా పడింది. ‘ల’ కనబడుతోంది, చివర కొమ్ము కనబడుతోంది.

నాగావళి గట్టు:
కొమ్ము రెండిటికీ ఉంది. ‘వు’కీ ఉంది, ‘ము’కీ ఉంది. మధ్య అక్షరం కింద వత్తు గీత ఏమైనా ఉందా? ఫోటో పెట్టండి.

బొబ్బిలి కోట:
పెట్టండి. ‘ఘ’ కాకపోతే నేనే ఒప్పుకుంటాను. అయినా నోట్సు రాసింది మీరు, మాస్టారు కాదు. 1990ల బ్యాచ్ వాళ్ళెవరైనా ఉంటే, ఆ రెండో పద్యం, కరెంటు సోర్సుది, గుర్తుందేమో చెప్పండి.

పాలకొండ బస్సు:
‘ఒరులు’ సంగతి ఎవరూ తేల్చలేదు.