ఆకారాన్ని వంకర చేస్తే చాలదా? బాధ ఎందుకు పలకడం లేదు?

ఎక్స్‌ప్రెషనిస్టుల (లోపలి భావం పలకడానికి ఆకారాన్ని, రంగుల్ని మార్చి వేసే చిత్రకారుల) పద్ధతిలో మనుషుల బొమ్మలు వేస్తున్నాను. చేతులు సాగదీసినా, ముఖం వంకర చేసినా కార్టూన్‌లా కనిపిస్తోంది తప్ప బాధ పలకడం లేదు. ఆస్ట్రియా చిత్రకారుడు ఎగాన్ షీలే 1910లో వేసుకున్న నగ్న స్వీయచిత్రం చూడండి. పాదాలే లేవు, ఒళ్లంతా ఎముకల గూడు, కళ్లు ఎర్రగా మండుతుంటాయి, వెనకంతా ఖాళీ. అయినా అది నిజమైన ఒళ్లే అనిపిస్తుంది. జర్మన్ చిత్రకారుడు కిర్ష్‌నర్ 1915లో తనను సైనికుడిగా వేసుకుంటూ కుడిచెయ్యి తెగిపోయినట్టు చూపించాడు. నిజానికి ఆయన చెయ్యి పోలేదు! యుద్ధభయమంతా ఆ మొండిచేతిలోనే ఉంది.

ముందు అనాటమీ సరిగ్గా గీసి తర్వాత వంచాలా, మొదటి గీత నుంచే భావాన్ని నమ్ముకోవాలా? అసలు ఏ భాగాన్ని వంచాలో, దేన్ని వదిలేయాలో మీరెలా తేల్చుకుంటారు? ఈ శైలిలో వేసేవాళ్లు దయచేసి చెప్పండి.