ఆఫీసు చిలీ పోటీకి ఏం వండాలి? బీన్స్ వెయ్యాలా, వద్దా?

డల్లాస్_పచ్చిమిర్చి:
వచ్చే నెల మా ఆఫీసులో చిలీ కుక్-ఆఫ్ పెడుతున్నారు, అదే, మాంసం, ఎండుమిర్చి వేసి చిక్కగా ఉడికించే అమెరికా వంటకం చిలీ వండే పోటీ. ఉత్సాహం ఆపుకోలేక పేరిచ్చేశాను. టీములో సగం మంది పక్కా టెక్సాస్ వాళ్లు, బీన్స్ (రాజ్మా లాంటి గింజలు) వేస్తే అది చిలీయే కాదని ఇప్పటినుంచే మొదలెట్టారు. మా ఇంట్లో బీఫ్ వండం. రాజ్మాతో చేస్తే పిల్లలు గిన్నె నాకేస్తారు గానీ, పోటీలో నిలుస్తుందా? గుంటూరు కారం వేసి కొట్టెయ్యొచ్చా? ఇలాంటివాటిలో వండినవాళ్లు కాస్త చెప్పండి.

ఆస్టిన్_అన్నయ్య:
ముందు రూల్సు కనుక్కోండి. చాలా ఆఫీసు పోటీల్లో ఏదైనా ఒప్పుకుంటారు. బీన్స్ గొడవంతా పెద్ద పోటీలది. టెర్లింగ్వా అని టెక్సాస్‌లోనే మెక్సికో సరిహద్దు దగ్గర ఎడారి ఊరు ఒకటుంది. అక్కడ ఏటా నవంబరులో జరిగే పోటీల్లో బీన్స్, పాస్తా, అన్నం ఏవీ కుండలో పడకూడదు. 1967లో మొదటి పోటీ అక్కడే జరిగింది. టెక్సాస్ విలేఖరి విక్ ఫౌలర్‌కీ, న్యూయార్క్ హాస్య రచయిత హెచ్. అలెన్ స్మిత్‌కీ మధ్య. మూడో జడ్జి నా నాలుక మొద్దుబారింది బాబోయ్ అని చేతులెత్తేస్తే అది కాస్తా టై అయింది. 1977లో చిలీని టెక్సాస్ రాష్ట్ర వంటకంగా ప్రకటించారు కూడా. కాబట్టి వాళ్ల పట్టింపు వాళ్లకుంటుంది, నవ్వేసి ఊరుకోండి.

ఇక కారం సంగతి. ఇక్కడి రెసిపీల్లో పావు కప్పు చిలీ పౌడర్ అని రాస్తారు. ఆ సీసాలో ఉండేది ఆంచో లాంటి తక్కువ ఘాటు మిరప, దాంతోపాటు జీలకర్ర, వెల్లుల్లి, ఓరెగానో. ఆంచో ఘాటు, మిరప ఘాటు కొలిచే స్కోవిల్ లెక్కలో, వెయ్యి, రెండు వేలు. గుంటూరు సన్నం ముప్ఫై అయిదు వేల పైమాటే. పావు కప్పు మన కారం గుమ్మరించారంటే జడ్జీలు పక్క టేబుల్ మీది పాలకి పరిగెడతారు.

పాత_పొయ్యి:
అన్నయ్య గారు చెప్పింది నిజం. ఒక్క చెంచా మన కారం చివర్లో వెయ్యండి, రంగుకీ రుచికీ ఆంచో, గువాహియో ఎండుమిర్చి వాడండి. తొడిమలూ గింజలూ తీసేసి, నూనె లేని మూకుట్లో అటూఇటూ తిప్పి, కమ్మటి వాసన రాగానే దించెయ్యాలి. మాడితే చేదెక్కుతుంది, ఇక ఏం కలిపినా పోదు. వేడినీళ్లలో అరగంట నానబెట్టి, మిక్సీలో మెత్తగా రుబ్బి వడకట్టండి. తొక్కు నోటికి తగలకూడదు.

బీఫ్ వద్దనుకుంటే మేక మాంసం ఎముకల్లేకుండా అరంగుళం ముక్కలు కొట్టించుకోండి. కొద్దికొద్దిగా వేసి ఎర్రగా వేయించండి. అంతా ఒకేసారి వేస్తే నీరూరి ఉడుకుతుందే తప్ప వేగదు. టర్కీ కీమా మాత్రం వద్దు, పిండిలా అయిపోతుంది.

పోటీలవాళ్లు మసాలా వేసే ఒక్కో విడతని డంప్ అంటారు. మొదట కొంత, మధ్యలో కొంత, దించే ముందు కొంత. ముందే అంతా వేసేస్తే జీలకర్ర వాసన ఆవిరితోనే పోతుంది. పులుసు పల్చగా ఉంటే మాసా అనే మొక్కజొన్న పిండి చెంచాడు నీళ్లలో కలిపి పొయ్యండి. జడ్జి తినేది ఒకటి రెండు చెంచాలే! అందుకని ఉప్పు ఇంట్లోకంటే ఒక చిటికెడు ఎక్కువే పడాలి.

రాజ్మా_రాణి:
వెజ్ వాళ్ల తరఫున నేనొచ్చా 🙂 మీల్ మేకర్‌ని వేడినీళ్లలో నానబెట్టి, గట్టిగా పిండి, మిక్సీలో ఒక్క తిప్పు తిప్పండి. తర్వాత నూనెలో గోధుమరంగు వచ్చేదాకా వేయించండి. పిండకపోతే పచ్చి సోయా వాసన కుండంతా పట్టేస్తుంది. సన్నగా తరిగిన పుట్టగొడుగులు, చెంచా సోయా సాస్ తోడైతే నాన్‌వెజ్ తినేవాళ్లు కూడా రెండోసారి వేసుకుంటారు.

రాజ్మా ముందే విడిగా ఉడికించుకోవాలి. చింతపండు ముందే పోస్తే పప్పు బిరుసెక్కినట్టే, టమాటా ముందు పడితే గింజ మెత్తబడదు. ఇంకో మాట: నానబెట్టిన రాజ్మాని పచ్చిగా తిన్నగా స్లో కుక్కర్లో పడెయ్యకండి. ఆ సన్నని వేడికి అందులోని విషపదార్థం పోదు, వాంతులవుతాయి. నానబెట్టిన నీళ్లు పారబోసి, కుక్కర్లో బాగా ఉడికించాకే కలపండి.

హైదరాబాదీ_హ్యూస్టన్:
ఇవన్నీ ఎందుకన్నా, గరం మసాలా వేసి దించేయ్. పట్టుకెళ్లిపోతావ్ ప్రైజ్.

పాత_పొయ్యి:
టెక్సాస్ జడ్జీ అయితే వాసన చూసి కప్పు పక్కన పెట్టేస్తాడు తమ్ముడూ. కూర అనుకుంటాడు.

సిన్సినాటి_కోడలు:
మా సిన్సినాటిలో అయితే తమ్ముడి మాటే నెగ్గుతుంది! 1922లో మాసిడోనియా నుంచి వచ్చిన అన్నదమ్ములు ఎంప్రెస్ అనే దుకాణం పెట్టి మొదలెట్టిన చిలీ మాది. దాల్చినచెక్క, లవంగం, ఆల్‌స్పైస్ (మిరియాల్లా ఉండే ఒక మసాలా గింజ) పడతాయి. కీమాని ఎర్రగా వేయించరు, చన్నీళ్లలో చిదిమి అలాగే ఉడకబెడతారు, అందుకే సాస్‌లా జారుతుంది. దాన్ని స్పగెటీ మీద పోసి, పైన చీజ్ గుట్టగా వేస్తే త్రీ-వే. ఉల్లిపాయో బీన్సో చేరితే ఫోర్-వే, రెండూ ఉంటే ఫైవ్-వే. మా అత్తగారికి మొదట్లో చూస్తేనే చిరాకు, ఇప్పుడు అడిగి మరీ చేయించుకుంటారు. డల్లాస్‌లో పోటీకి మాత్రం తీసుకెళ్లకండి, ఇంట్లో చేసుకోండి.

ఆస్టిన్_అన్నయ్య:
ఆకుపచ్చ చిలీ సంగతి ఎవరూ ఎత్తలేదే. న్యూ మెక్సికో పద్ధతిలో కాల్చిన హ్యాచ్ (అక్కడి ఊరు) మిరపకాయలు, పోర్క్. వేసవి చివర్లో ఇక్కడి షాపుల ముందు ఇనుప పీపాల్లో తిప్పుతూ కాలుస్తారు, పార్కింగ్ దాకా వాసన. అప్పుడే కొని, తొక్క తీసి ఫ్రీజర్లో పెట్టుకుంటే ఏడాదంతా ఉంటాయి. చికెన్ తొడ ముక్కలతోనూ బాగుంటుంది.

డల్లాస్_పచ్చిమిర్చి:
అందరికీ థాంక్సండి. రూల్సు అడిగాను, వెజ్‌కి వేరే బహుమతి ఉందట. పోటీకి మీల్ మేకర్ చిలీ, ఇంట్లోకి మేక మాంసంతో ఎర్రది. ఆంచో ఎక్కడ దొరుకుతుంది? ఇండియన్ స్టోర్లో కనబడలేదు.

పాత_పొయ్యి:
మెక్సికన్ షాపులో చూడమ్మా, విడిగా పోసి అమ్ముతారు. చేత్తో వంచి చూడు. మెత్తగా వంగి కిస్‌మిస్ వాసన వస్తే తీసుకో. పుటుక్కున విరిగితే పాత సరుకు, వదిలెయ్. అన్నట్టు, గిన్నె పక్కన సోయా ఉందని చీటీ పెట్టు, పడనివాళ్లుంటారు.